ఎదురుగా

అనంతపురం ట్రైనింగ్ కాలేజీ,
మధ్యాహ్నం రెండున్నర క్లాసు.
పైన రేకులు ఎండకు టపటప చిట్లుతాంటాయి,
బూట్లలో పొద్దుటి పెరేడ్ ఇంకా ఉడుకుతాంటుంది.
హెడ్డు నబీరసూల్ సారు
పాత నంబర్లలో పెరిగినోడు, కొత్తవాటికి తడుముకుంటాడు.
"దొంగతనం మూడు వందల డెబ్బై తొమ్మి... కాదు, కొట్టేయండి,
మూడు వందల మూడు.
చీటింగు మూడు వందల పద్దెనిమిది.
ఊరోళ్లు మాత్రం ఇంకో నూరేండ్లు
ఫోర్‌ట్వంటీ అనే తిడతారు, వాళ్లను దిద్దబోకండి."

ఏ నేరానికి వారెంటు లేకుండా పట్టచ్చు,
దేనికి మెజిస్ట్రేటు గడప తొక్కి రావాల,
ఏడేండ్ల లోపు శిక్షయితే ముందు నోటీసు ఎందుకు,
పొద్దు గుంకినాక ఆడమనిషి వాకిట్లో
మన కాలు ఎందుకు ఆగాల,
ఎర్రగీతలు కొట్టుకుంటా రాస్తాండా.
అప్పుడొచ్చింది ఆ వాక్యం:
అరెస్టంటే మనిషి ఒంటిని తాకడం,
మాటతోనో నడతతోనో
తనంతట తాను లొంగితే తప్ప.

పెన్ను ఆగింది.
ఇంత లావు పుస్తకంలో
ఇంత చిన్న పని ఉంటుందనుకోలా.

సాయంత్రం గ్రౌండులో ప్రాక్టికల్.
వన్నూరప్ప దొంగ, నేను పోలీసు.
నా చెయ్యి పోయి వాని మెడ మీద పడింది,
సినిమా హాల్లో నేర్చుకున్న చెయ్యి.
సారు విజిలేసినాడు.
"అది మెడరా! వాడు కూర్చోనే ఉండాడు కదా, పరిగెత్తినాడా?
ముందు పేరు చెప్పు. వానిది కాదు, నీది.
ఎందుకు పట్టుకుంటాండావో చెప్పు.
వాళ్లింట్లో ఎవురికి కబురు చేయాలో అడుగు.
అప్పుడు భుజం. అరచెయ్యి తెరిచి."
మళ్లీ చేసినా. మళ్లీ మెడే.
మూడోసారి
నా చేతికి మా నాయన గుర్తొచ్చినాడు.

కళ్యాణదుర్గం పక్కన మాది గొర్రెల ఇల్లు.
బొచ్చు కత్తిరించే దినం
నాయన జీవాన్ని వెనక నుంచి పట్టడు.
ఎదురుగా పోయి, గదవ కింద చెయ్యి పెట్టి,
దాని ఊపిరి తన ఊపిరికి సర్దుకున్నాక
కత్తెర తీస్తాడు.
"బెదిరిన జీవం కాలు ఇరగ్గొట్టుకుంటాదిరా,
ఆ పాపం కత్తెరది కాదు, పట్టినోనిది."

నేను ఏడో తరగతిలో ఉండగా
ఆ నాయన్నే పట్టుకపోయినారు.
ఫారెస్టోళ్ల మొక్కలు మన జీవాలు మేసినాయంట.
బేస్తవారం పొద్దున, సంగటి ముద్ద చేతిలోనే ఉంది.
చెప్పింది లేదు, రాసిచ్చింది లేదు.
శనివారం దీపాలు పెట్టే ఏళకు వదిలినారు.
కంబళి లేకుండా వచ్చినాడు.
అవ్వ ఎంత అడిగినా
"ఏం లేదు, కూర్చోబెట్టినారు అంతే" అన్నాడు.
ఆ పొద్దు నుంచి
ఎవురన్నా వెనక నుంచి భుజం మీద చెయ్యేస్తే
ఉలిక్కిపడేటోడు,
నేనేసినా సరే.

ఈ రాత్రి బ్యారక్‌లో
నోటుబుక్కు వెనకట్ట మీద లెక్క గట్టినా.
బేస్తవారం ఏడున్నర నుంచి శనివారం ఆరున్నర దాకా
యాభై తొమ్మిది గంటలు.
చట్టం ఇచ్చినవి ఇరవై నాలుగు తీసేస్తే ముప్పై అయిదు.
ప్రయాణ కాలం మినహాయించాలన్నారు,
మినహాయించినా:
స్టేషను నుంచి కోర్టుకు నడిస్తే పది నిమిషాలు.
మిగిలిన గంటలు ఏ సెక్షను కింద రాయాల్నో
సారును అడుగుదామని పొద్దున చెయ్యెత్తబోయి
దించేసినా.
ఆ దినాల్లో ఆయన డ్యూటీ యాడో
నాకు తెలీదు.

ఆదివారం ఫోన్లో నాయన అడిగినాడు,
"ఏం నేర్పిస్తాండారు నాయనా ఆడ?"
"పట్టేది" అన్నా.
కొంచేపు మెడగంటలే వినబడినాయి,
దొడ్డిలో ఏదో పిల్ల తల్లి కోసం అరిచింది.
"ఎదురుగా పోయి పట్టమంటారా,
వెనక నుంచా?"