కుంకుడు గింజ

మా అమ్మ ఇన్నాసమ్మ జపమాలలో
నాలుగో పదిలో ఏడోది పూస కాదు.
కుంకుడు గింజ.

తెంపింది నేనే, పళ్లొచ్చే వయసులో
ఒళ్లో కూర్చుని కొరికి.
అన్నీ దొరికాయి, ఒక్కటి మాత్రం
అరుగు మీంచి దొర్లి కాలవలో పడింది.
నాన్న లేసు సూది ఎర్రగా కాల్చి
గింజకు బెజ్జం పెట్టాడు.
మూడు సూదులు వంగాయి.
ఆ వారం అమ్మ అల్లిన కూలి
ఆ సూదులకే సరిపోయింది.

దీవించబోతూ ఫాదర్ గారు ఆగారు.
"ఇదేంటమ్మా?"
"కుంకుడండి. మురికి వదిలిస్తాది కదండి."
"వదిలించేది తొక్క కదమ్మా, గింజ కాదు."
"గింజకీ ఆ వాసనుంటదండి, ఆయ్."

తెల్లారి గుడి గంటకు ముందే లేచేది.
పొయ్యిలో కొబ్బరి డొక్కలు అంటుకునేలోగా
త్రికాల ప్రార్థన సగం అయ్యేది,
మిగతా సగం ఎసరు పొంగు దగ్గర.
నాన్న రొయ్యల చెరువు గట్టు మీంచి
బురదకాళ్లతో వచ్చేసరికి
వేడి గంజి, పచ్చిమిరపకాయ.
శుక్రవారాలు మాత్రం
రొయ్యలు కాసే మనిషికి
ఉత్త తోటకూరే.

పాపసంకీర్తనానికి వరసలో
అమ్మ వెనక నేను నిలబడి విన్నాను. పాపమే.
"జపమాల చెబుతా ఎసరు గురించి తలిచానండి.
ఎసట్లో బియ్యం పోస్తా దేవుణ్ణి మరిచానండి."
"ఎన్నిసార్లు?"
"మూడు పూట్లానండి."
తెర వెనక ఫాదర్ గారు దగ్గారు.
ఇప్పుడనిపిస్తుంది, అది దగ్గు కాదు.

రాత్రి దీపం దగ్గర ఒక చేత్తో లేసు అల్లిక,
పెదాల మీద పూసలు.
మొదటి పది నాన్నకి,
గట్టు మీది పాములకి, తెగిన కరెంటు తీగలకి.
రెండో పది మాకు: లూర్దయ్య లెక్కలకి, నా ఉబ్బసానికి.
మూడోది నాయనమ్మకి.
విభూది బుధవారం నాడు కూడా
ఉప్పుచేప కాల్చమని పోరు పెట్టే నాయనమ్మకి
పది చాలక కొన్ని అప్పు.
నాలుగోది ఊరికి. అందులో రెండు
ఉండకి రూపాయి తగ్గించిన లేసు ఏజెంటుకి,
"బుద్ధి పుట్టాలని", పళ్లు బిగించి.
ఏడోది వచ్చేసరికి బొటనవేలు ఆగేది.
పెదాలు ఆగేవి.
సూది కూడా ఆగేది.

"ఇదెవరికమ్మా?"
"నాది."

అంతే. ఎంత గుచ్చి అడిగినా అంతే.
యాభై మూడింటిలో ఒకటి.
ఏమడిగేదో!
పట్టుచీర కావచ్చు.
రెండు గంటలు ఒంటరిగా నిద్ర కావచ్చు.
పెళ్లికి ముందు పాలకొల్లు కాన్వెంటులో
సిస్టర్లతో ఉండిపోదామనుకున్న
ఆ ఏడాది కావచ్చు.
నాన్నకి తెలుసేమో. అడిగితే,
"ఆ గింజకు బెజ్జం పెట్టింది నేను,
దాని లోపలేముందో నాకెలా తెలుస్తాది" అన్నాడు.

మట్టల ఆదివారానికి కాలవ కట్టేశారు.
నీళ్లు తీసిన బురదలో పిల్లలు
జెల్లలు వెతుకుతున్నారు.
నాకు తెలీకుండానే
నల్లపూస కోసం వెతికాను. ముప్పయ్యేళ్ల నాటిది.

అమ్మకిప్పుడు లెక్క తప్పుతోంది.
రెండో పది రెండుసార్లు చెబుతుంది,
లూర్దయ్యని ఇంకా లెక్కల్లో
ముప్పయ్యారు మార్కుల దగ్గరే కాపాడుతుంది.
నన్ను చూసి ఒక్కోసారి "సిస్టరుగారూ" అంటుంది.
నేను కాదనను.
పక్కన కూర్చుని గొంతు కలుపుతాను,
దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా...

నాలుగో పదిలో
పూసల తర్వాత పూస జారి
గరుకు తగలగానే
ఆమె బొటనవేలు దానంతటదే ఆగింది.
నేనూ ఆగాను.
బయట ఎవరో బాతుల్ని అదిలిస్తున్నారు.
అరిగిపోయి, నున్నగా, నల్లగా
ఆ ఒక్కటీ ఆమె వేళ్ల మధ్య.

చాలాసేపటికి కళ్లు తెరిచి
"పొయ్యి మీద పాలెట్టి వచ్చావా?" అంది.
పెట్టాను.
పొంగిపోయాయి కూడా.