కొలత టేపు

హల్ రేవులో ఫిబ్రవరి.
పగలు కూడా తడిసిన గోనెపట్టాలా బరువుగా వేలాడుతుంది.
మా షెడ్డుకి బోర్డు లేదు,
ఇదెక్కడుందో ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను.
కోర్టు తేల్చేదాకా కుక్కలు ఇక్కడుంటాయి.
నేను గదులు కడుగుతాను, గిన్నెలు నింపుతాను,
ఎవరైనా కొలవడానికొస్తే అంకెలు రాస్తాను.

ఇవాళ హెడ్లీ వచ్చాడు.
పోలీసు కోటు కొక్కేనికి తగిలించి
జేబులోంచి టేపు తీశాడు,
దర్జీలు మెళ్ళో వేసుకునే పసుప్పచ్చ టేపు.
దాని మొదటి అంగుళం అరిగి ఊడిపోయింది.
అందుకే ఒకటి దగ్గర మొదలుపెట్టి
చివర్లో ఒకటి తీసేస్తాడు.
తీసేయడం మర్చిపోయిన రోజుందా అని
నేనెప్పుడూ అడగలేదు.

బల్ల మీద బార్లీ, బల్ల కింద టగ్గీ.
మార్నా గిల్‌రాయ్ వంటింట్లో
వాషింగ్ మెషీన్‌కీ గోడకీ మధ్య
ఒకే రాత్రి, ఒకే కడుపున, అరగంట తేడాతో పుట్టినవి.

తల వెడల్పు, అన్నాడు. రాశాను.
మూతి పొడవు. రాశాను.
ఛాతీ, మోకాలు, మడమ.
తోక చేతిపంపు పిడిలా వంగిందా?
బార్లీ టేపుని నాకింది.
నాకినట్టు రాయడానికి గడి లేదు.
ఎవరినైనా కరిచిందా అనే గడీ లేదు,
ఆ పేజీలో వెతికాను,
వెనక్కి తిప్పి కూడా వెతికాను.

బార్లీ ఆ జాతి పోలికే, అన్నాడు హెడ్లీ.
టగ్గీ కాదు.
తల దగ్గర బెత్తెడులో సగం కూడా లేదు తేడా.

నా కింది పెదవి కింద ఒక మచ్చుంది.
ఆరేళ్ళప్పుడు మా అత్త వాళ్ళ స్పానియల్ పెట్టింది,
పట్టుకుచ్చుల్లాంటి చెవులు దానికి,
క్రిస్మస్ కార్డు మీద బొమ్మలా ఉండేది.
స్పానియల్ అనగానే అందరూ నవ్వుతారు.
తొమ్మిది కుట్లు.
దాన్నెవరూ ఏ టేపుతోనూ కొలవలేదు,
మా అత్త దాన్ని సోఫా మీదికి ఎత్తుకుని
నన్ను కసిరింది.

అయితే తొమ్మిదో గదిలో ఒకటుండేది,
దాని సంగతి దాచిపెట్టి ఈ నాలుగు ముక్కలూ రాస్తే
నేనూ అబద్ధాల కోరునే.
బార్లీలాంటిదే, అదే తల, అదే ఛాతీ.
మెడ చుట్టూ గొలుసు ఒరిసి పుండు.
పక్కింటి అమ్మాయి బంతి కోసం కంచెలో చెయ్యి పెట్టింది.
గొలుసు చేసిన పనో, నెత్తురు చేసిన పనో
నాకు తెలీదు, తెలిసినట్టు మాట్లాడేవాళ్ళంటే
రెండు పక్షాల్లోనూ నాకు భయమే.
స్పానియల్‌కి తొమ్మిది కుట్లు.
దీనికి ఒక చెయ్యి.
దవడ ఎంతుంటే నష్టం అంతుంటుంది,
ఆ కొలతొకటి నిజం.
కోపానికి కొలతే దొరకలేదు.

టేపు చుట్టుకుంటూ హెడ్లీ
ఎవరితోనో అన్నట్టు అన్నాడు:
ఉద్యోగంలో చేరిన రోజు మా నాన్న పేరు చెప్పాను,
సార్జెంటు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు,
ఇదిగో, ఇలాగే.
తర్వాత టీ తాగాడు.
కాగితం కింద సంతకం పెట్టాడు.

నాలుగున్నరకే చీకటి పడింది.
స్టేషన్ గుమ్మంలో కాచుకున్న మార్నాకి
టగ్గీని అప్పగించాను.
ఆవిడ తెచ్చింది ఒకటే తాడు,
పిడి ఒకటి, కొసలు రెండు.
ఏమీ అడగలేదు.
ఒక కొస టగ్గీ మెడకి తగిలించింది,
రెండో కొస ఇనప కొక్కెం
పేవ్‌మెంటు మీద చప్పుడు చేసుకుంటూ వెళ్ళింది
మలుపు దాకా.

తిరిగొచ్చేసరికి బార్లీ మొరగడం లేదు.
తలుపు వైపే చూస్తోంది,
ఇంకొకరు రావాలి కదా అన్నట్టు.
మొరగని కుక్క గురించి
సామెత ఏమంటుందో నాకు తెలుసు.
ఊచల మధ్య చెయ్యి పెట్టాను.
వేళ్ళ సందులన్నీ ఓపిగ్గా నాకింది,
తడి, వెచ్చదనం, మాంసం డబ్బా వాసన.

ఎడమ చెయ్యి పెట్టాను.
రాసే చెయ్యి మాత్రం
జేబులోనే ఉంచుకున్నాను.