రాగి జడ

వర్సెనిక్ నాకు ముందు నేర్పింది వాసన.
గుగ్గిలం పొగ తియ్యగా వస్తే పని సాగుతున్నట్టు,
ఘాటెక్కిందా, బోర్డు కాలుతున్నట్టు.
చెయ్యి వెనక్కి తియ్యి వెధవా, అనేది.

గ్యూమ్రీలో జనవరి.
కొట్టు అంటే రేకుల కంటైనరు, ఒకటే కిటికీ,
కిరసనాయిలు పొయ్యి మీద ఎప్పుడూ ఒక కెటిల్.
మోకాలెత్తున పాత బోర్డులు:
టేపు రికార్డర్లవి, లిఫ్టులవి,
దేనికోసమో అప్పట్లో ఎవరూ అడగనివి.

కాలు కాలుగా విప్పాలి.
టంకం మీద రాగి జడ పరిచి,
జడ మీద సాల్డరింగ్ ఐరన్ మొన ఆనించి,
మూడు లెక్కపెట్టాలి.
బూడిదరంగు చుక్క ఒక్కసారి తడిగా మెరిసి
జడలోకి పాకిపోతుంది. అంత దాహం దానికి.
నాలుగు లెక్కపెడితే
కింది రాగి గీత ఉల్లిపొరలా లేచొస్తుంది.
నేను చాలాసార్లు నాలుగు లెక్కపెట్టాను.

విప్పినవన్నీ అగ్గిపెట్టెల్లో.
పెట్టె మీద ఏమీ రాసేది కాదు,
చెవి దగ్గర గిలకొట్టి, ఏది ఎందులో ఉందో చెప్పేది.

గురువారాలు యెరెవాన్ నుంచి అర్షావిర్ దిగేవాడు,
జేబులో చిన్న తక్కెడతో.
అతనికి ఆకుపచ్చ కెపాసిటర్లు కావాలి,
లోపలి పల్లాడియం కోసం.
పనిచేస్తాయా అని ఒక్కనాడూ అడగలేదు.
బఠాణీల్లా గ్లాసులో పోసి తూచేవాడు.
ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
"ఇది కరెంటు బిల్లు" అనేది,
ట్రాన్సిస్టర్ల డబ్బాని మాత్రం
కాలితో బల్ల కిందికి నెట్టేస్తూ.

ఒక సాయంత్రం ఒక బోర్డు దగ్గర ఆగిపోయింది.
కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
"ఇది న్వార్డ్ పని" అంది.
నాకు కనబడ్డవి వరసగా టంకం చుక్కలు, అంతే.
"నీ మొహం. మసూరు బేడల్లా లేవూ?
ప్రతి కాలూ ఎడమకే వంచేది, ఎడమచేతి వాటం.
నెలాఖరున లెక్క తేలక
మేమంతా పిడకలు కొట్టినట్టు కొట్టేస్తుంటే
ఆ పిల్ల బేడలే పెట్టేది,
జీతం కోయించుకునేది."

బోర్డు మూల సిరా ముద్ర:
నవంబరు, ఎనభై ఎనిమిది.
ఆ తరవాతి నెల ఏడో తేదీ గురించి
మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పరు.
కెటిల్ మూత ఎగిరెగిరి పడుతోంది.
ఆమె దించలేదు. నేనూ లేవలేదు.

గోడకి తగిలిస్తుందనుకున్నాను.
ఐరన్ అందుకుంది.
"రేడియో ముసలాడు రేపొస్తాడు.
వాడికి జెర్మేనియం కావాలి, ఇందులో రెండున్నాయి."
జడ వాడలేదు. మొనతోనే కరిగించి
చుక్క చుక్కా సీసా మూతలోకి విదిలించింది.
న్వార్డ్ కాళ్ళు ఊరికే రాలేదు.
ఐదు లెక్కపెట్టింది, ఆరు,
నాకు నేర్పినదంతా తప్పుతూ.
రాగి గీత చెక్కుచెదరలేదు.

ఊది చల్లార్చి, మీటరుకి పెట్టి, తలూపింది.
కొత్త టంకం ముట్టకుండా
మూతలో గడ్డకట్టినదాన్నే కరిగించి
ముసలాడి రేడియోలో కూర్చింది.
కాళ్ళు ఎడమకి వంచింది.
తనది కుడిచేతి వాటం.

రేడియో గురగురలాడి, ఈలవేసి,
మూసేసిన సరిహద్దు అవతల
కార్స్ వైపు ఏదో స్టేషన్ పట్టింది.
ఎవరో టర్కీ భాషలో గొర్రెల ధరలు చదువుతున్నాడు.
వాళ్ళమ్మ దగ్గర నేర్చిన అంకెలు
ఆమెకింకా గుర్తున్నాయి.
"మనకంటే చవక" అంది వర్సెనిక్,
ప్లగ్గు పీకేస్తూ.