నీళ్ళు మారిన చోట

తివాచీ వచ్చింది రొయ్యల డబ్బాల బండిలో,
ఐసు వాసనతో.
ఆకివీడు గాదిరాజుగారిది.
ఎగుమతి పని మీద టర్కీ వెళ్ళినప్పుడు
నూట ముప్పై ఏళ్ళనాటిదని నమ్మి కొన్నాడు.
పోయిన వానాకాలం కొల్లేరు పొంగి
హాల్లో మోకాలి లోతున నిలిచింది.
ఓ మూల నానింది. నానిన మూలని పందికొక్కులు కొరికాయి.
ఇప్పుడది ఏలూరు తంగెళ్ళమూడిలో
మా జైతూన్‌బీ ఖాలా బల్ల మీద
బోర్లా పడుకుంది.

"మొహం ముస్తాబయి ఉంటదిరా. వీపు చూడాల."
బెల్లం దిమ్మ మీద చీమలా
ఆమె వేలు ఒక్కో ముడీ ఎక్కి దిగింది.

అమ్మినవాడిచ్చిన కాగితం నా చేతిలో.
నేను చదువుతాను. ఆమె వింటుంది, లేదా వినదు.
నడుం మీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డ ఈ బొమ్మ
అమ్మతనానికి గుర్తట.
"కుళాయి కాడ మా అత్త" అంది ఖాలా.
"ఎవరన్నా బిందె ముందుకి జరిపితే
ఇట్టాగే నిలబడేది."

పొట్టేలు కొమ్ములు, మగవాడి సత్తువ.
తోడేలు నోరు, మందని తోడేలు పట్టకుండా.
నాకు నవ్వొచ్చింది. మన వైపు తోడేళ్ళెక్కడివి?
ఆమె నవ్వలేదు.
"దేనికి భయపడ్డారో దాన్నే నేశారు.
మనమైతే ఏం నేయాల?"
అని కిటికీలోంచి కాలవ వైపు చూసింది.

అంచు పొడుగునా మెలికల గీత.
పారే నీరు, అని చదివాను.
నేసిన పిల్ల ఏ బోడికొండల్లోనో
గుక్కెడు నీళ్ళకి మధ్యాహ్నమంతా నడిచేదేమో.
లేని ఏటిని నాలుగు వైపులా పారించుకుంది.
ఆ ఏరు ఇంత దూరం వచ్చి
కొల్లేట్లో మునిగింది.

మూడో రోజు,
కొరికిన చోటికి జానెడు పైన
సూది మొనకి ఒక ముడి ఊడొచ్చింది.
ఉన్ని కాదు.
వెంట్రుక.
నల్లగా, ఇంకా నిగనిగలాడుతూ.

కాగితంలో దీని సంగతి లేదు.
ఖాలా ఫ్యాను ఆపమంది, ఎగిరిపోతుందని.
చెమట కళ్ళలోకి కారుతుండగా
ఉన్న చోటే దాన్ని మళ్ళీ ముడేసింది.
"నీదీ ఒకటి వెయ్యి ఖాలా" అన్నాను.
"నాదెందుకు? ఆవిడ నేసింది.
నేను అతుకేస్తన్నా."

ఇక రంగు.
ఎర్రటి నేల మధ్యలో ఉన్నట్టుండి
గట్టు గీసినట్టు అడ్డంగా పలచబడింది.
నేను దాన్ని తప్పనుకున్నాను.
"ఇక్కడ కాపురం మారింది" అంది ఖాలా.
"ఉన్ని అదే. మంజిష్ఠ వేరు అదే.
బావి వేరు."

మూల అతుక్కి ఉన్ని అద్దాలి.
నీళ్ళు నేనే తెచ్చాను,
అటు నుంచి కృష్ణ, ఇటు నుంచి గోదారి
వచ్చి కలిసే మా ఊరి కాలవ నుంచి.
రెండు రోజులు, రెండు బకెట్లు.
రెండు ఎరుపులొచ్చాయి.
బోరు నీళ్ళతో మళ్ళీ అద్దనా అన్నాను.
వద్దంది.

గాదిరాజుగారు మోకాళ్ళ మీద కూచుని
సెల్‌ఫోను లైటు వేసి మూల చూశాడు.
"రంగు కలవలేదే! ఐదొందలు తగ్గించుకో."

"నీళ్ళు మారాయి బాబూ" అంది ఖాలా,
నడుం మీద రెండు చేతులూ ఆన్చి,
రూపాయి కూడా కదలకుండా.