చీనీకాయ వెంట డ్రాగన్

అందరూ లడ్డూ అనుకుంటారు.
చీనీకాయ సామీ అది, అని
చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి
ఇప్పుడు ఊరుకుంటున్నాను.

ఆ దేశంలో డ్రాగన్ ముత్యం వెంట పరిగెడుతుందట.
పలమనేరులో ముత్యాలెక్కడివి?
సంతలో కుప్పపోసిన చీనీకాయల్లో ఒకటి తెచ్చి
దాని మూతి ముందు పెట్టాను.
పేరులోనే ఉంది కదా చీనా,
పుట్టింటి వాసన పట్టి అదే పోతుందిలే అని.
బత్తాయి అనే కోస్తావాళ్ళకి ఈ తమాషా అందదు.

నేను చీనా చూడలేదు.
అవ్వ మద్రాసు మూర్‌మార్కెట్లో కొన్న పింగాణీ గిన్నె చూశాను.
అంచు పెచ్చు ఊడి, ఊరగాయకి కూడా పనికిరాక
దేవుడి గూట్లో కుంకం భరిణె పక్కన కూర్చునుండేది.
దాని మీద ఒక వంతెన, వంతెన మీద ఇద్దరు మనుషులు.
నలభై ఏళ్ళుగా దాటుతున్నారు.
చిన్నప్పుడు వాళ్ళకి మెతుకులు పెట్టేదాన్ని.

తరవాత రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో
తొమ్మిదేళ్ళు వాష్‌బేసిన్లు తట్టి చూశాను.
ఖంగుమంటే ఒకటో రకం,
బొంగురుపోతే రెండో రకం, రబ్బరు స్టాంపు.
తెల్లమట్టిని పాలలాగా అచ్చుల్లోకి వంచడం అక్కడే నేర్చాను.
ఇప్పుడు షెడ్డు నాది.
బట్టీ బ్యాంకుది.

ఈ కూజా నడుము మింగు రాజుల కాలందంటారు చదువుకున్నవాళ్ళు.
చక్రం మీద లేస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం
బిందె చంకనెత్తుకుని బోరింగు కాడ కొట్లాడే మా చిన్నత్త.
కొండలు వాళ్ళవే, మబ్బుల్లో తేలే సన్నటి కొండలు,
లెక్కపెడితే ఏడు.
ఘాటు మలుపులో గోరంత బస్సు.
కిటికీలోంచి తల బయటపెట్టి ఎవరో వాంతి చేసుకుంటున్నారు.
మంచు గియ్యక్కర్లేదు,
గియ్యకుండా వదిలేస్తే అదే దిగుతుంది.

వాళ్ళ గుమ్మాల్లో కూర్చునే సింహాల జంట కూడా చేశాను.
తిరపతి బస్టాండు కుక్కలవి.
ఒకదాని కాలి కింద ఇడ్లీ పొట్లం,
ఇంకోదాని కింద ఎవరిదో ఎడమకాలి చెప్పు.

డ్రాగన్ మీసాలు కండక్టర్ మునస్వామి మామవి.
తోక ఉడుముది.
గోళ్ళ దగ్గరే ఆగిపోయాను.
చక్రవర్తి డ్రాగనుకి ఐదు వేళ్ళట, కిందివాళ్ళకి నాలుగట,
లెక్క తప్పితే తల పోయేదట.
నాకు తెలిసిన గోళ్ళు పెరట్లో పేడకుప్ప కెలుకుతున్నాయి.
మూడు ముందుకి, ఒకటి వెనక్కి.
అవే వేశాను.

పక్కింటి ఢిల్లీబాబుగాడు తొంగిచూసి
"యాళికి గంగజాతర వేషం కట్టినావా అక్కా?" అన్నాడు.
అవున్రా.
ఆ వారం మొగోళ్ళు చీరలు కట్టి
మొహాన ఒకరోజు బొగ్గు, ఒకరోజు చందనం పూసుకుంటారు,
ఎవర్ని ఏమన్నా చెల్లుతుంది.
పూతకింద ఎవరి కొడుకో వీధంతా తెలుసు,
అయినా దణ్ణం పెడతారు.

నీలం పూసేటప్పుడు నీలం కాదు,
కాకి నలుపు.
నమ్మి బట్టీలో పెట్టి మూసేసి
రాత్రంతా పుల్ల నములుతూ కూర్చోవాలి.

తెల్లారి మొగిలప్ప తాతని పిలిచాను.
ఆయనకి కళ్ళు పోయి ఆరేళ్ళు.
కూజా మెడ పట్టుకుని, మెటికతో కొట్టి విన్నాడు.
ఖంగుమంది. ఆ మోత చివర, అడుగునెక్కడో, సన్నటి బొంగురు.
"బీటిచ్చిందే."
"అవును తాతా."
"నీల్లు సల్లబడతాయా?"
"దీంట్లో నీళ్ళు పొయ్యరు తాతా."
"మరి?"
నేనేం చెప్పను.

బొటనవేలు మాత్రం ఆగలేదు.
ఉబ్బెత్తు కొండలెక్కింది, బస్సుని తప్పించుకుంది,
పొలుసుల మీద జారి
పాదం దగ్గర నిలబడింది.
మళ్ళీ తడిమాడు. ఒకటి, రెండు, మూడు. వెనకాల ఒకటి.
"ఓసినీ! కోడికాలు!"
పళ్ళులేని నోటితో షెడ్డంతా నవ్వాడు.

కూజా బోర్లించి,
చక్రవర్తి పేరుండాల్సిన చోట
ఫ్యాక్టరీ నుంచి ఎత్తుకొచ్చిన రబ్బరు స్టాంపు గుద్దాను:
రెండో రకం.