మిగులు

ఇథెల్ పారి పోయిన మూడో రోజున
వీలునామాలో నా పేరుందని తెలిసింది.
వారసురాలిగా కాదు,
పని చేసిపెట్టే మనిషిగా.
"పక్కింటి మెరెరిద్ అన్నీ చక్కబెట్టాలి" అని
ఇరవై ఏళ్ల కిందటే రాసిపెట్టాడు,
నన్నొక మాట అడక్కుండా.

బ్లైనాలో ఆ వారమంతా వాన.
ఇక్కడి కొండలు పలకలుగా చీలే రాయి.
నలభై ఏళ్లు ఆ రాతిని
ఉలితో పుస్తకంలా విప్పినవాడాయన.
ఆయన చీల్చిన పలకల మీదే ఇప్పటికీ
మా ఇంటి వాన చప్పుడు.

మరణ పత్రానికి ఎనిమిది నకళ్లు తీసుకోమన్నారు.
బ్యాంకుకొకటి, పింఛను ఆఫీసుకొకటి.
ఎనిమిదిసార్లు చనిపోతేగానీ
ఎవరూ నమ్మరు కాబోలు.
కరెంటు కంపెనీ పిల్ల ఫోన్లో
"ఖాతాదారు గారే స్వయంగా మాట్లాడాలండీ" అంది.
"నాక్కూడా అదే కోరికమ్మా" అన్నాను.

తర్వాత లెక్క.
చనిపోయిన రోజున ఏది ఎంత చేస్తుందో రాయాలి.
నిన్నటి ధర వద్దు, రేపటిది వద్దు,
ఆ ఒక్క రోజుది.
ఇల్లు, ఎనభై రెండు వేల పౌండ్లు.
కారు, పట్టుకుపోవడానికి మనమే ఎదురివ్వాలి.
ఉలిని వెలకట్టే అతను అటూ ఇటూ తిప్పి
నాలుగు పౌండ్లన్నాడు.
పిడి మీద బొటనవేలు పట్టేంత గుంట ఉంది.
అది ఏ గడిలో రాయాలో చెప్పలేదు.

పన్ను పడేంత ఆస్తి కాదని తేల్చి,
రాసిందంతా నిజమని సంతకం పెట్టి పంపితే
పదకొండు వారాలకి వచ్చింది ప్రొబేట్.
ముద్ర వేసిన ఒక్క కాగితం.
పోయినవాడి చెయ్యి నా చేతికి తొడిగినట్టు
ఇక ఆయన బదులు నేను అమ్మొచ్చు,
వసూలు చెయ్యొచ్చు, తప్పూ చెయ్యొచ్చు.

"ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు,
ఆ తర్వాతే పంపకం. తొందరపడితే
మీ జేబులోంచి పెట్టుకోవాలి" అన్నాడు లాయరు టుడ్నో.
పేపర్లో ప్రకటన వేయించాడు:
ఇథెల్ పారి ఎవరికైనా బాకీ ఉంటే
రెండు నెలల్లోగా తెలియజేయాలి.

రెండు నెలలూ తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డాను.
వచ్చింది ఒకే ఉత్తరం, కోర్వెన్ నుంచి,
డిలిస్ బెబ్ అని ఎవరో. వణికే అక్షరాలు.
"సమ్మె నాటి చలికాలం, బొగ్గు కొనుక్కోమని
పన్నెండు పౌండ్లు ఇచ్చాడు. అడిగే మనిషి కాదు.
నేనూ ఇవ్వలేదు. ఇదిగో."
నోట్లకి గుండుసూది గుచ్చి ఉంది.

టుడ్నో కళ్లజోడు తుడుచుకున్నాడు.
"అప్పులవాళ్లని పిలిస్తే ఇలా అయిందా!
రాబడే కదా, కలపండి."
కలిపాను.

ఉలి మేనకోడలికి. చాపెల్ కప్పు బాగుకి ఐదు వందలు.
మిగిలినదంతా తమ్ముడు సీరియోల్‌కి.
గొర్రెల కంచె దగ్గర తెగిన మాట
ముప్పై ఒక్క ఏళ్లుగా అతుక్కోలేదు వాళ్లకి.
సీరియోల్ పద్దంతా వేలుపెట్టి చదివాడు.
పన్నెండు పౌండ్ల దగ్గర వేలు ఆగింది.
చెప్పాను.
చాలాసేపటికి అన్నాడు,
"ఆ చలికాలం ఆవిడ ముందు నా దగ్గరికే వచ్చింది.
లేవన్నాను."
రసీదు మీద సంతకం రెండుసార్లు తప్పింది.
చెక్కు మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

పద్దు అడుగున సున్నా.
పలక తుడిచినట్టు.
రుణం తీరిందనుకుని ఫైలుకి తాడు కట్టేశాను.

బుధవారం నీళ్ల కంపెనీ నుంచి కవరు.
ఎక్కువ కట్టించుకున్నారట, తిరిగిస్తున్నారు,
నాలుగు పౌండ్ల ఆరు పెన్నీలు,
కీర్తిశేషులు ఇథెల్ పారి, కేరాఫ్ నేను.
తాడు విప్పాలి. లెక్క మళ్లీ రాయాలి.
సీరియోల్‌కి ఫోన్ చెయ్యాలి.

విసుక్కోవాలి నిజానికి.
కెటిల్ పెట్టాను.
కప్పు మీద వాన మొదలైంది.
దీని సంగతి రేపు చూద్దాంలే, ఇథెల్.