చివరిగా తెరిచిన తేదీ

రాజాం మిల్లు ఆఫీసులో, గోనెల బేళ్ల వెనక గదిలో
పద్దెనిమిదేళ్లుగా గురకపెడుతున్న నల్ల పెట్టె.
మేమంతా ఎస్ డ్రైవ్ అంటాం.
ఎస్ అంటే ఏమిటో పేరు పెట్టినవాడికి తెలిసుండాలి.

నెలకోసారి మూత విప్పి
ఫ్యాన్ రెక్కల్లోంచి జనపనార పీచు లాగేవాణ్ణి.
పురికొస పేనేటంత వచ్చేది.

శుక్రవారంలోగా అంతా క్లౌడుకి ఎక్కించాలి.
విశాఖ నుంచి వచ్చిన కుర్రాడు హేమసుందర్ చెప్పాడు:
పేర్లు పొట్టిగా ఉండాలి, చుక్కలూ నక్షత్రాలూ కుదరవు,
ఏడేళ్లుగా ఎవరూ ముట్టనిది ఎక్కదు.
ఆ చివరి మాట చెప్పేటప్పుడు
ఫోన్ చూసుకుంటున్నాడు.

రాత్రి షిఫ్టు సైరన్ కూశాక మొదలుపెడతాను.
నూటికి పదకొండు. పన్నెండు. ఆగిపోయింది.
పొగిరి దగ్గర జేసీబీ తీగ తెంపిందట.
టీ తాగి వస్తే
ఇంకా పన్నెండే.

'కొత్త ఫోల్డర్' లోపల 'కొత్త ఫోల్డర్ రెండు',
దాన్లో 'ఫైనల్',
దాన్లో 'ఫైనల్ కాదు ఇది చూడు'.
లాకౌట్ నాటి హాజరు పట్టీలు:
తొంభై మూడు రోజులూ ఖాళీ గళ్లే,
అయినా రోజూ ఎవరో తెరిచి సేవ్ చేశారు.

ప్రతి ఫైలుకీ ఒక ఓనర్ ఉండాలి.
కొన్నింటి దగ్గర పేరుండదు,
గీతలు గీతలుగా పొడుగాటి అంకె ఉంటుంది.
అంటే మనిషి ఖాతా తీసేశారు,
హక్కు మాత్రం ఉండిపోయింది.
ఈ అంకె బెవర సత్యంనాయుడు గారిది.
తూకం చిట్టా చూసి పోల్చుకున్నాను.
కిలోల పక్కన 'సుమారు' అని రాసే మనిషి
మిల్లు మొత్తానికి ఆయనొక్కరే.
పోయి ఆరేళ్లు.
ఆయన అనుమతి లేకుండా ఫోల్డర్ కదలనంటోంది.
స్వాధీనం చేసుకుంటారా? అని అడిగింది.
అవును అని నొక్కి,
ఎందుకో లేచి నిలబడ్డాను.

గురువారం రాత్రి, ఎక్కనివాటి పట్టీ అడుగున
ఇరవై ఆరు కేబీల చిన్న ఫైలు.
'అప్పయ్యమ్మ టీ'.
క్యాంటీన్ అప్పయ్యమ్మకి రాత రాదు.
ఆవిడ చెబుతుంటే సత్యంనాయుడు గారు
భోజనాల వేళ కొట్టిపెట్టేవారు.
"రాసీయండి బాబూ, సుట్టరికం సుట్టరికవే, బాకీ బాకీయే."
స్పిన్నింగ్ సిమ్మన్న, నూట పన్నెండు.
మూడో లూమ్ గౌరీశు, ఎనిమిది, మళ్లీ ఎనిమిది.
మేనేజరు గారు, బాకీ లేదు, గ్లాసు తిరిగివ్వలేదు.
ఇరవై మూడో వరుసలో నేను.
నలభై ఆరు రూపాయలు.

చివరిగా తెరిచిన తేదీ, లాకౌట్‌కి ముందురోజు.
గేటు మళ్లీ తీసేసరికి
క్యాంటీన్ షెడ్డు నిండా బాయిలర్ సామాన్లు.
సంతకవిటి వెళ్లిపోయిందన్నారొకరు,
కాదు పాలకొండన్నారు ఇంకొకరు.
నేను అడగలేదు.
నలభై ఆరు రూపాయలు బాకీ ఉన్నవాడు అడగడు.

మార్చడానికి అందులో ఏముంది.
చివరి గడిలో ఒక్క ఖాళీ కొట్టాను,
కంటికి కనపడని అక్షరం.
సేవ్.
ఈవేళ్టి తేదీ పడింది.

తెల్లారగట్ల పెట్టె ఆపేశాను.
వాచ్‌మన్ సన్యాసి గుమ్మంలో నిలబడి చెవొగ్గాడు.
"ఏటి బాబూ, సచ్చిపోనాదా?"
"లేదు, వెళ్లిపోయింది."
"మరి గది తాళం ఎవులికియ్యాల?"
హేమసుందర్ చెప్పినవాటిలో
దానికి రూలు లేదు.

బస్సు కోసం నిలబడి ఫోన్లో తెరిచి చూశాను.
వచ్చింది. ఇరవై మూడో వరుస అలాగే ఉంది.
ఎవరెవరు చూడొచ్చు? అంటే
అందరూ అని పెట్టాను.
ఎవరు మార్చొచ్చు? అన్నచోట
ఒక్క పేరే కొట్టాను.
అలాంటి యూజర్ ఎవరూ లేరంది.